బొద్దింకలు తిన్న ఆటల పుస్తకాలు

మా బడి పండుగకు ఈమధ్య ఒక చిన్న పుస్తకం అచ్చువేశారు. అందులో పాతకాలం సంగతులు చెబుతూ, యుద్ధం రోజుల్లో బడికి వచ్చిన ఆటల బొమ్మల పుస్తకాలు చెదలు పట్టి పోయాయని ఒక్క వాక్యం రాశారు. చెదలు కాదు. బొద్దింకలు. చెదలైతే అల్మారీ చెక్కను కూడా తినేవి. ఆ అల్మారీ ఇప్పటికీ ఆఫీసు గదిలో గట్టిగా నిలబడి ఉంది. రాసినవారికి ఈ తేడా పెద్దదిగా కనిపించకపోవచ్చు. చెదలు నేలలోంచి వస్తాయి, ఎవరినీ అడగనక్కర లేదు. బొద్దింకలు ఎందుకు వచ్చాయో, ఎవరి మాట వల్ల వచ్చాయో నాకు తెలుసు. ఆ మాట అన్నప్పుడు గదిలో ముగ్గురం ఉన్నాం. మిగతా ఇద్దరూ పోయారు. అందుకే నేను రాస్తున్నాను.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. హన్మకొండలో మిషన్ వాళ్ల బడిలో రెండో తరగతి టీచరును. కచ్చా టీచరును. ట్రైనింగు కానివాళ్లను అలా అనేవారు. ఎదురుగానే అనేవారు. ఉపాధ్యాయుల హాజరు పుస్తకంలో కూడా ట్రైనింగు అయినవాళ్ల పేర్ల కింద ఒక గీత గీసి, ఆ గీత కింద మా పేర్లు రాసేవారు. ఏటా మా బడి నుంచి ఒక్కరినే ట్రైనింగుకు పంపేవారు. దసరా సెలవుల తర్వాత మిషన్ బడులన్నీ తనిఖీ చేసే దొరసానమ్మ వచ్చి తరగతులు చూసి వెళ్లేది. ఆమె చూసి వెళ్లాక పెద్దటీచరమ్మ ఒక పేరు రాసి పంపేది. పెళ్లయిన ఆడవాళ్లను పంపేవారు కాదు. మొగుడు పిలిస్తే సగంలో వచ్చేస్తారని వాళ్ల లెక్క. పెళ్లికానివాళ్లకూ, భర్త పోయినవాళ్లకూ మాత్రమే అవకాశం.

మా నాయిన కాజీపేటలో పట్టాల మీద గ్యాంగు పని చేసేవాడు. మా ఇంట్లో ఏడో తరగతి దాటినదాన్ని నేనొక్కదాన్నే. మా అవ్వ అప్పటికే ఒక సంబంధం మాట్లాడి పెట్టింది. నాయిన వాళ్లను ఒక్క ఏడాది ఆగమన్నాడు. "ఈ ఏడు నీ పేరు పోతే పోయిరా బిడ్డా. పోకపోతే ఇగ నన్నడగకు" అన్నాడు. ఆ ఒక్క ఏడాదే నాకు ఉన్నది.

రెండో తరగతిలో రైల్వే పనివాళ్ల పిల్లలు, కూలి పిల్లలు, హసన్‌పర్తి వైపు నుంచీ ములుగు అడవి ఊళ్ల నుంచీ వచ్చి బోర్డింగులో ఉన్న ఆడపిల్లలు ఉండేవారు. యుద్ధం వల్ల కాగితం దొరకడం లేదు. నలుగురికి ఒక వాచకం. నలుగురూ దాని చుట్టూ నాలుగు దిక్కులా కూర్చునేవారు. కాబట్టి కొందరికి అక్షరాలు ఎప్పుడూ తలకిందులుగానే కనిపించేవి. అయినా అందరూ ఒకే గొంతుతో పాఠం అప్పజెప్పేవారు, కళ్లు పైకప్పు మీద పెట్టి. ఒకరోజు ఒక పిల్లను లేపి పాఠం మధ్యలోంచి ఒక మాట మీద వేలుపెట్టి చదవమన్నాను. ఆ పిల్ల పాఠం మొదటి నుంచి ఎత్తుకుంది. అక్కడిదాకా వస్తే తప్ప ఆ మాట ఆమెకు రాదు.

ఆ వేసవిలోనే కాజీపేట రైల్వే దొర ఒకాయన భార్య సామాను సర్దుకుని సీమకు పోతూ ఒక పెట్టె మా బడికి పంపింది. అందులో పిల్లల గౌన్ల కింద ఆరు పుస్తకాలు. ఆరూ ఆటల పుస్తకాలే. ఒకదానిలో బంతి తన్నే ఆట, ఒకదానిలో కర్రతో బంతి కొట్టే ఆట, ఒకదానిలో పరుగు పందేలు, ఒకదానిలో పడవల పందెం, ఒకదానిలో గుర్రాలు, ఒకదానిలో మంచు మీద జారే ఆట. పుటకొక బొమ్మ, బొమ్మ కింద రెండు వరుసల ఇంగ్లీషు. పెద్దటీచరమ్మ వాటిని అద్దాల అల్మారీలో నిలబెట్టి తాళం వేసింది. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే చూపించడానికి.

నేను అడిగాను. అడిగింది నేనొక్కదాన్నే. ఇది కూడా ఎక్కడా రాయలేదు.

"బొమ్మలు చూపి చదువు చెప్తవా? బొమ్మలు జాతరల అమ్ముతరు. చదువు వాచకంల ఉంటది" అంది పెద్దటీచరమ్మ.

"ఇంగ్లీషు మీద తెలుగు చీటీలు అంటిస్తనమ్మా. అప్పుడు అది గూడ వాచకమే గదా" అన్నాను.

ఆమె తాళంచెవి తీసింది. "దసరా అయినంక దొరసానమ్మ వస్తది. నీ పిల్లలు ఈ పుస్తకాలు పట్టుకొని ఆమె ముందట చదివితే నీ పేరే రాస్త. చదవకపోతే నాకు చెప్పకు" అంది. పక్కన ఒకటో తరగతి అక్క నవ్వి, "ఇగ నీకు ట్రైనింగు వచ్చినట్టే చెల్లె" అంది. ఆమె నాకంటే పదేళ్లు పెద్ద. భర్త పోయి ఇద్దరు పిల్లలతో బోర్డింగు వెనక గదిలో ఉండేది. ఆమె కూడా కచ్చా టీచరే. గీత కింద మా ఇద్దరి పేర్లే ఉండేవి.

చీటీలు నేనే కోశాను, నేనే రాశాను. పాత హాజరు పుస్తకాల్లో మిగిలిన ఖాళీ కాగితాలు వాటికి. నాకు వచ్చిన ఇంగ్లీషు కొంచెమే. కింద ఏం రాసి ఉందో కొన్నిచోట్ల తెలియలేదు. బొమ్మ చూసి నాకు తోచిన మాట రాశాను. పిల్ల ఉరికింది. పిల్ల పడింది. ఇంకో పిల్ల ఆగి చూసింది. కర్రతో బంతి కొట్టే ఆటను ఏమనాలో తెలియక, మా పిల్లలు కర్రతో బిళ్లను కొట్టి ఆడే చిర్రగోనె పేరే పెట్టాను.

అంటించడానికి జిగురు కావాలి. బోర్డింగు వంటింట్లో గంజి అడిగి తెచ్చి చిక్కగా ఉడికించాను. కంట్రోలు బియ్యం రోజులు అవి. వంటామె ఊరుకోలేదు. "తాగుటానికి పిల్లలకు గంజి చాలుతలేదు, ఈమె పుస్తకాలకు తాపుతాంది" అని బోర్డింగంతా వినేటట్టు అంది. నేను అప్పటినుంచి మధ్యాహ్నం బోర్డింగులో నాకిచ్చే వాటా గంజి తాగడం మానేసి దాన్నే ఉడికించుకున్నాను. ఆమె ఆ మాట మాత్రం మానలేదు.

ఎంత చిక్కగా ఉడికించాలో కనుక్కుందామని మట్టెవాడలో పుస్తకాలకు జిల్దులు కట్టే ఒక ముసలి సాయిబు దగ్గరికి వెళ్లాను. ఆయన నా గిన్నెలో వేలు ముంచి చూసి, "మంచిగనే ఉంది. జర మైలుతుత్తం ఎయ్యి బిడ్డా. ఎయ్యకపోతే పుస్తకం నీది గాదు, పురుగుది" అన్నాడు. నీలం రంగు పలుకులు నాలుగు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. ఆయన కట్టే ప్రతి జిల్దులో అది ఉంటుందట. "విషం గాదా తాతా" అని అడిగితే, "విషమే. అందుకే గదా పురుగు రాదు" అన్నాడు.

పొట్లం తెచ్చి పెద్దటీచరమ్మకు చూపించాను. చెప్పకుండా వేయడం నాకు ఇష్టం లేదు. ఆఫీసు గదిలో అక్క కూర్చుని హాజరు పుస్తకం రాసుకుంటోంది. పెద్దటీచరమ్మ పొట్లం విప్పి చూసి మళ్లీ మడిచింది.

"మైలుతుత్తమా? పిల్లలు వేలు నాకి పుటలు తిప్పుతరు. వాండ్ల నోట్లకు విషం పంపుతవా? నా బడిల అసుమంటి పని చెయ్యకు."

పొట్లం ఆమే కిటికీలోంచి పారేసింది. వేలు నాకే మాట నిజమే. నాకూ ఆ భయం ఉండింది, కాదనను. కానీ భయపడటం వేరు, వద్దని ఆజ్ఞ ఇవ్వడం వేరు. ఆజ్ఞ ఆమెది. అక్క తల ఎత్తి చూసింది, మళ్లీ రాసుకుంది.

మైలుతుత్తం లేకుండానే అంటించాను.

జూన్ నుంచి దసరా దాకా ఆ పుస్తకాలతో చెప్పిన చదువు నా జీవితంలో మళ్లీ చెప్పలేదు. నా పద్ధతి ఒకటి ఉండేది. పుస్తకం తెరిచి బొమ్మ మీద నా చేతిరుమాలు కప్పేదాన్ని. కింద చీటీ మాత్రమే కనిపించేది. ముందు అక్షరాలు చదవాలి. చదివాక రుమాలు తీస్తే, చదివింది సరో కాదో బొమ్మ చెప్పేది. "పిల్ల పడింది" అని చదివినవాడు రుమాలు తీసి చూసి, నిజంగానే పిల్ల పడి ఉంటే, తానే తోసినంత గర్వపడేవాడు.

వాళ్లు మాట్లాడేవారు. అంతకుముందు ఆ తరగతిలో పాఠం తప్ప గొంతు వినలేదు నేను. చెంచాలో కోడిగుడ్డు పెట్టుకుని ఉరికే బొమ్మ చూసి, "గుడ్డు పగిలితే వాండ్ల అవ్వ కొట్టదా టీచరమ్మా" అని అడిగారు. కొట్టదన్నాను. నమ్మలేదు. "వాండ్లకు మస్తు కోళ్లున్నయేమో తియ్" అని ఒకడు సర్దిచెప్పాడు. పడవల పందెం చూసి, "ఇంత ఉరుకులు దేనికి, అవతలి ఒడ్డుకు బువ్వ పెడుతున్నరా" అన్నారు.

మంచు మీద జారే ఆట దగ్గర చిక్కు వచ్చింది.

"ఇదేంది, నీళ్ల మీద నడుస్తున్నరు?"

"చలికి నీళ్లు గడ్డకట్టినయ్. రాయి లెక్క అయితయ్."

ములుగు వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల కొంచెంసేపు ఆలోచించి, "గట్లయితే ఏసుప్రభువు నడిచిననాడు గూడ చలికాలమే గావచ్చు" అంది.

అందరూ ఒప్పుకున్నారు. నేను నవ్వాను. నవ్వడం నా తప్పు. వరండాలో పెద్దటీచరమ్మ నిలబడి ఉంది. ఆ సాయంత్రం ప్రార్థనలో అందరి ముందు, "కొందరు బొమ్మలు చూపి ప్రభువు అద్భుతాన్ని పాడుచేస్తున్నరు" అని నా వైపు చూడకుండా అంది. చూడకుండా అన్నదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

అయినా పిల్లలు చదువుతున్నారు. అక్షరాలు తలకిందులుగా కనిపించే వైపు కూర్చున్నవాళ్లను తిప్పి కూర్చోబెట్టాను. ములుగు పిల్ల అందరికంటే ముందుండేది. పుస్తకం తెరవడమే ఆలస్యం, గలగలా చదివేసేది. దొరసానమ్మ ముందు మొదట ఈ పిల్లనే నిలబెడతానని మనసులో అనుకున్నాను.

ఆ ఏడు వానలు దసరా దాకా విడవలేదు. గోడలు చెమ్మ పట్టాయి. సెలవులకు ముందు పుస్తకాలన్నీ అల్మారీలోకి రావాలని పెద్దటీచరమ్మ చెప్పి పంపింది. ఆ ఆదివారమే నేను సాయిబును అడిగి వచ్చాను. మైలుతుత్తం వేయలేదంటే ఆయన తల అడ్డంగా ఊపి, "ఇగ మూసి పెట్టకు బిడ్డా. ఎండ జూపెట్టు, గాలి జూపెట్టు" అన్నాడు. అదే ఆమెకు చెప్పాను. సెలవుల్లో నేను ఇంటికి తీసుకుపోయి రోజూ ఎండబెడతానన్నాను.

"మీ ఇల్లు రైలు పట్టెల పొంటి. బొగ్గు పొగ, మసి. ఇవి బడి పుస్తకాలు, గ్యాంగు క్వార్టర్లల్ల ఎండేసేటివి గావు" అంది.

గ్యాంగు క్వార్టర్లు అన్న మాటను ఆమె పలికిన తీరు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మా అవ్వ రోజుకు రెండుసార్లు ఇల్లు అలికేది.

తాళం ఆమే వేసింది. సెలవుల మూడు వారాలూ తాళంచెవి ఆమె నడుముకే ఉంది.

సెలవులయ్యాక మూడో రోజు దొరసానమ్మ వచ్చింది. అంతకుముందు రెండు రోజులు నేను అల్మారీ తీయమని అడిగాను. "పిల్లలు చేతులు పెట్టి నలిపేస్తరు. ఆమె ముందటనే తీస్త" అంది పెద్దటీచరమ్మ. అలాగే తీసింది, అందరి ముందు, పండుగ రోజు బట్టల పెట్టె తీసినట్టు.

బొద్దింకలు రెండు మూడు అద్దం మీద పాకి కిందికి దిగాయి. దొరసానమ్మ వెనక్కి జరిగింది. పెద్దటీచరమ్మ ఒక పుస్తకం తీసి తెరిచింది. బొమ్మలు అలాగే ఉన్నాయి. రంగు కూడా పోలేదు. నేను గంజితో చీటీ అంటించినంత మేర, సరిగ్గా అంత మేరే, కాగితం లేదు. చీటీ, దాని కింద ఇంగ్లీషు, దాని కింద పుట, అంతా కొరికేశాయి. ఉరికే పిల్లల కాళ్ల కింద పొడవాటి బొక్కలు. ఆరు పుస్తకాలూ అంతే. నేను బొమ్మ మూసి అక్షరాలు చూపించేదాన్ని. అవి అక్షరాలు తీసేసి బొమ్మలు మిగిల్చాయి.

అక్కడితో ఆగి ఉంటే నా పేరు బతికేదేమో. దొరసానమ్మ కోపంగా లేదు. "పరవాలేదు, పిల్లలను చూతము" అంది. ఆమె తెలుగు బైబిలు తెలుగు. తరగతిలోకి వచ్చి, ఒక పుస్తకం తానే పట్టుకుని, ఈ ఆట ఏమిటని అడగబోయింది. ఆమె నోరు తెరిచేలోపల ములుగు పిల్ల లేచి నిలబడింది. బొక్క కింద వేలు పెట్టి, ఎడమ నుంచి కుడికి జరుపుతూ చదివింది.

"పిల్ల ఉరికింది. పిల్ల పడింది. ఇంకో పిల్ల ఆగి చూసింది."

మిగతావాళ్లు ఊరుకుంటారా. అందరూ అందుకున్నారు. దొరసానమ్మ పుట తిప్పింది. లేని అక్షరాలను అందరూ ఒకే గొంతుతో చదివారు. ఇంకో పుట తిప్పింది. అదీ చదివారు. నా కోసమే చదివారు. టీచరమ్మ పుస్తకం పాడైంది కాబట్టి తాము ఆదుకుంటున్నామనుకున్నారు. ఆ బొక్కల మీద వాళ్ల వేళ్లు కదులుతుంటే నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

దొరసానమ్మ పుస్తకం మూసింది. "వీరు చదువుట లేదు. వీరు చెప్పుచున్నారు" అంది మెల్లగా.

ఆ క్షణంలో పలకలు తీయమని నేను అనవలసింది. నల్లబల్ల మీద ఏదో ఒక కొత్త మాట రాసి చదవమనవలసింది. నేను అనలేదు. పెద్దటీచరమ్మ కూడా అనలేదు. "వాచకం వదిలిపెడితే గిట్లనే అయితదమ్మా. నేను ముందే చెప్పిన" అంది. గంజి మాట కూడా ఆమే ఎత్తింది. "అన్నం గంజితోని అంటించింది. పురుగు తినదా మరి? మైలుతుత్తం వెయ్యాలని జిల్దు కట్టేటోళ్లందరికీ తెలుసు."

"మీరే వద్దన్నరు గదమ్మా" అన్నాను.

"నేనా? ఎప్పుడన్న?"

"పొట్లం కిటికీల నుంచి పారేసిన్రు. అక్క గూడ ఉన్నది."

అందరం అక్క వైపు చూశాం. అక్క తలుపు బయట వరండాలో తన ఒకటో తరగతి పిల్లలను వరసలో నిలబెడుతోంది. "నాకు యాదికి లేదమ్మా" అంది. ఒక పిల్లవాడి చొక్కా గుండీ పెట్టింది. ఆ గుండీ పెట్టడానికి ఎంతసేపు పట్టిందో నాకు గుర్తుంది.

వాళ్లు వెళ్లాక తలుపు వేసి పిల్లలతో పలకలు తీయించాను. పుస్తకంలో మాటలే, వరుస మార్చి చెప్పాను. కొందరు రాశారు. అందులో అంతకుముందు ఒక్క అక్షరం గుర్తుపట్టనివాళ్లూ ఉన్నారు. కొందరు సగం రాశారు. ములుగు పిల్ల పలక ఖాళీగా ఉంది. ఆమె కళ్లలోకి చూస్తే అర్థమైంది. ఆమె ఎప్పుడూ చదవలేదు. రుమాలు అంచు పక్కనుంచి బొమ్మలో ఏ ముక్క కనిపిస్తోందో, పుట మూల ఎక్కడ నలిగిందో చూసి ఏ బొమ్మో పోల్చుకుని చెప్పేది. నా తరగతిలో అందరికంటే తెలివైన పిల్లకు నేను నాలుగు నెలల్లో ఏమీ నేర్పలేదు. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. బొద్దింకలు మాత్రం నావి కావు.

అక్క పేరు రాసి పంపారు. నాయినతో చెబితే, ఆయన కాళ్లు కడుక్కుంటూ, "సరే బిడ్డా" అన్నాడు. అంతే. మర్నాడు మా అవ్వ సంబంధం వాళ్లకు కబురు పంపింది.

తర్వాతి వేసవిలో, ట్రైనింగుకు అక్క ప్రయాణం ముందు నేను ఆమె గదికి వెళ్లాను. వీడ్కోలు చెప్పడానికి కాదు. ఆమె పక్కబట్టలు చుట్టి తాడు కడుతోంది. పిల్లలిద్దరూ వాళ్ల అమ్మమ్మ ఇంటికి పోయారు.

"నీకు యాదికి లేదా అక్కా" అని అడిగాను.

ఆమె తాడు ముడి వేస్తూనే చెప్పింది. "ఉన్నది. వద్దన్నది నేను విన్న. పొట్లం పారేసింది గూడ చూసిన. అప్పుడు చెప్తే ట్రైనింగుకు నీ పేరు పోతుండె, నాది పోకపోతుండె. నీకు నాయిన ఉన్నడు, రేపు మొగుడు వస్తడు. నాకెవరున్నరు చెల్లె? ఇద్దరు పిల్లలను పట్టుకొని కచ్చా జీతం మీద ఎన్నొద్దులు బతకాలె?"

"ఇప్పుడు పోయి చెప్పు. ఇప్పుడు నీ సీటు ఎవరు గుంజుకోరు. నన్ను పంపకున్నా మంచిదే. నా తప్పు కాదని ఒక్కమాట చెప్పు."

"చెప్తే పెద్దటీచరమ్మ ఊకుంటదా? నేను మళ్ల వచ్చేది ఈ బడికే గదా."

ఆమె మూటకు అవతలి కొన పట్టుకోమంది. నేను పట్టుకోలేదు. ఆమె ఒక్కతే మోకాలితో నొక్కి కట్టుకుంది.

ఆమె పక్కా టీచరై తిరిగి వచ్చింది. తర్వాత చాలా ఏళ్లకు ఆమే పెద్దటీచరమ్మ అయింది. నాతో ఎప్పుడూ మర్యాదగానే ఉంది. నా పిల్లల ఫీజులకు ఒకటి రెండుసార్లు మాట సాయం చేసింది. నేను దణ్ణం పెట్టాను గానీ మనసులో పెట్టలేదు. ఆమె పోయినప్పుడు సమాధి దాకా నడిచాను. మట్టి వేయమంటే వేశాను. క్షమించాలని పాస్టరుగారు ఏటా చెబుతారు. ఆమెకు వేరే దారి లేదని నాకు తెలుసు. తెలిసినా ఆ పని నావల్ల కాలేదు.

ఆమె ట్రైనింగుకు వెళ్లిన జూన్‌లో నాకు మళ్లీ రెండో తరగతే ఇచ్చారు. మెడలో కొత్త పుస్తెలు. నలుగురికి ఒక వాచకం. మొదటి రోజు ముందు వరసలో ఒక కొత్త పిల్లవాడు లేచి నిలబడ్డాడు. వాడి అక్క కిందటేడు నా తరగతిలో చదివింది.

"టీచరమ్మా, ఉరికేటోళ్ల పుస్తకం ఎప్పుడిస్తవ్?"

"అది లేదు. కూసో."

"మా అక్క ఉన్నదన్నది."

"లేదన్న గదా. వాచకం తియ్యి" అన్నాను.

వాడు కూర్చున్నాడు. వాచకం నాలుగు దిక్కుల మధ్య పెట్టుకుని పిల్లలు పాఠం ఎత్తుకున్నారు. వాడికి అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. ఇటు తిరిగి కూర్చోమని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.